మీకు తెలుసా? వేలూరులో సింహం ముసుగు దొంగ

నెట్‌ఫ్లిక్స్‌లో 2023లో వచ్చిన హిందీ సిరీస్ ‘చూనా’లో జిమ్మీ షేర్గిల్ ఓ అవినీతి రాజకీయ నాయకుడు. అతని చేతిలో దెబ్బతిన్నవాళ్లంతా జట్టుకట్టి అతని సొమ్ము కొల్లగొట్టాలని పథకం వేస్తారు. కడుపుబ్బ నవ్వించే దోపిడీ కథ అది.

అంతకు దాదాపు రెండేళ్ల ముందే, తమిళనాడులోని జిల్లా కేంద్రం వేలూరులో ఇలాంటి ఘటన నిజంగానే జరిగింది. 2021 డిసెంబర్ 15న జోస్ ఆలుక్కాస్ నగల దుకాణం సిబ్బంది తలుపులు తీసేసరికి అరల్లో నగల్లేవు. వెనక గోడకు మనిషి దూరేంత కన్నం. పోయింది 15 కిలోలకు పైగా బంగారం, వజ్రాలు. సీసీ కెమెరాల్లో కనిపించింది ఒక్కడే! ముఖానికి సింహం ముసుగు, చేతిలో స్ప్రే డబ్బా. కెమెరా కనిపిస్తే చాలు, దాని కంటికి రంగు కొట్టేశాడు. జట్టు లేదు, ఆయుధం లేదు. సినిమా రచయితలు కూడా ఇంత ధైర్యం చేయరేమో.

పోలీసులు ప్రత్యేక బృందాలతో గాలించి, వారం తిరక్కుండానే ఆ యువకుణ్ణి పట్టుకున్నారు. మెచ్చుకోవలసిన పని. గోడకు కన్నం వేయడం యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకున్నాడట. నగలు దొరికింది ఏ లాకర్‌లోనో కాదు, వేలూరు జిల్లాలోనే ఉన్న ఒడుగత్తూరు శ్మశానంలో. అక్కడ గొయ్యి తీసి పాతిపెట్టాడు. పోలీసులు తవ్వించి మొత్తం బయటికి తీశారు.