వ్రాయకయే వచ్చు మెథడ్

కొడిమ్యాల మండలము నాచుపల్లి ఇంజనీరింగు కళాశాలలో ఒక విద్యార్థి జావా భాషలో ఏడు వారముల పేర్లను 'ఈనమ్'గా, అనగా నిర్ణీతమైన పేర్ల సమూహముగా, వ్రాసెననుకొందము. 'వాల్యూస్' అని పిలువగానే ఆ ఏడును వరుసగా వచ్చును. ఆ మెథడును అతడు వ్రాయలేదు. ఈనమ్‌లన్నిటికిని మాతృకయైన క్లాసు పుటలోని మెథడ్ల పట్టికలో వెదకినను కానరాదు. పుస్తకము తప్పా? కాదు. 2004లో ఈనమ్‌లు వచ్చినది మొదలు దానిని కంపైలరే ప్రతి ఈనమ్‌లోను చేర్చుచున్నది. ఏ ఈనమ్ పేర్లు దానివే గనుక మాతృకలో ఒక్కచోట వ్రాసిపెట్టుట కుదరదు.

నిఘంటువులో 'వచ్చు' ఉండును, 'వచ్చెదము' ఉండదు. అది వ్యాకరణము చెప్పవలసిన సంగతి. అట్లే 'వాల్యూస్' నియమము జావా భాషా నిర్దేశ గ్రంథమున 8.9.3 విభాగములో నున్నది. మాతృక పుటలో 'వాల్యూఆఫ్' వివరణ చివర ఒక్క వాక్యము దానిని పేర్కొనును. క్రొత్తవాడు అక్కడ వెదకునా! విద్యార్థి తన ఈనమ్‌కు జావాడాక్‌తో పుట తయారుచేసికొన్నచో, అందులో 'వాల్యూస్'కు వివరణ దానంతటదే వచ్చి చేరును.