నాలుగడుగుల కర్ర, మూడడుగుల నీడ

పదో తరగతి సాంఘిక శాస్త్ర పరీక్షలో పటంపై ప్రదేశాలను గుర్తించమనే ప్రశ్న ఒకటి ఉంటుంది. మన పిల్లల భూగోళ విద్య దాదాపుగా అక్కడే ఆగిపోతున్నది. గోదావరి ఎక్కడ, ఆరావళీ పర్వతాలు ఎక్కడ అంటూ చుక్కలను బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకొని, వేసవి సెలవులలో మరచిపోతారు. లెక్కలకూ సైన్సుకూ ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రులు సాంఘికానికి గైడు చాలునంటారు. హిఫ్జ్ పూర్తి చేసి, ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాసే మా మదర్సా విద్యార్థుల స్థితి కూడా ఇంతకంటే మెరుగేమీ కాదు.

నిజానికి ఈ విద్యతో ముస్లిం గృహానికి రోజుకు అయిదుసార్లు పని పడుతుంది. అస్ర్ వేళను మన ఫిఖహ్ గ్రంథాలు నీడతోనే నిర్ణయించాయి. మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ ఆ వస్తువంత అయినప్పుడు షాఫయీ మజ్‌హబ్ ప్రకారం, రెండింతలైనప్పుడు హనఫీ మజ్‌హబ్ ప్రకారం అస్ర్ ప్రవేశిస్తుంది. మా విద్యార్థి ఈ మసలాను అరబీలో తడుముకోకుండా అప్పగిస్తాడు. ముంగిట్లో కర్ర పాతి కొలిచి చూపమంటే తెల్లమొహం వేస్తాడు. పాఠశాల పిల్లవాడికి రేఖాంశం నిర్వచనం వచ్చు గాని దానితో పనేమిటో తెలియదు.

ఆ పనేమిటో చూడండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాదు సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, విశాఖపట్నం 83.3 డిగ్రీల మీద ఉన్నాయి. అక్షాంశం రెండింటికీ దాదాపు ఒకటే. కనుక విశాఖలో పొద్దు 19 నిమిషాలు ముందుగా పొడుస్తుంది, ముందుగానే కుంకుతుంది. హైదరాబాదు కోసం ముద్రించిన రమజాన్ కార్డును విశాఖలో గోడకు తగిలించుకున్న కుటుంబం ఉషోదయమైన తర్వాత కూడా సహరీ తింటూ ఉంటుంది. ఆ ఉపవాసం సంగతేమిటో ఏ ఆలిమ్‌నైనా అడగవచ్చు.

మా తరగతిలో పిల్లలకు మిక్కిలి ఇష్టమైన పాఠం మరొకటి ఉంది. ఏటా మే 27 లేదా 28న, తిరిగి జులై 15 లేదా 16న సూర్యుడు కాబా గృహానికి సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మన గడియారంలో అది మేలో మధ్యాహ్నం 2.48, జులైలో 2.57. ఆ క్షణంలో నిటారుగా నిలిపిన కర్ర నీడ ఖిబ్లాకు ఎదురు దిశలో పడుతుంది. నీడ కొస నుండి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. హైదరాబాదులో అది నేరు పడమర కాదు, అక్కడి నుండి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు. మేలో బడికి సెలవులు, జులైలో మబ్బుల బెడద. అందుకే జులైలో రెండు రోజులూ ప్రయత్నిస్తాము. కర్ర నిటారుగా ఉన్నదో లేదో దారానికి రాయి కట్టి చూసుకోవాలి.

నీడను కొలవడం మరువరాదు. హైదరాబాదులో నాలుగడుగుల కర్రకు ఆ వేళ దాదాపు మూడడుగుల నీడ పడుతుంది. కాగితంపై 4 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున 3 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, పై కొసలను కలిపి, కర్ర కొస వద్ద కోణమానినితో కొలిస్తే 37 డిగ్రీలు వస్తుంది. అంటే మక్కాకూ మనకూ మధ్య భూమి అంత వంపు తిరిగి ఉన్నదన్నమాట. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. వాస్తవ దూరానికి ఇది ఎంతో దగ్గర. విమానం ఎక్కకుండా, ఫోను తెరవకుండా, ఒక కర్రతో మక్కా దూరం తేలుతుంది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. పదకొండవ శతాబ్దంలో అల్‌బిరూనీ గజ్నీ నగరపు ఖిబ్లాను సరిగ్గా తేల్చడానికి నగరాల అక్షాంశ రేఖాంశాలపై ఒక గ్రంథమే రచించాడు. నేడు పాకిస్తాన్ పంజాబులో ఉన్న నందన కోట వద్ద కొండ ఎత్తునూ, కొండపై నుండి దిగంతం ఎంత దిగువకు వాలి కనిపిస్తుందో ఆ కోణాన్నీ కొలిచి భూమి వ్యాసార్థాన్ని లెక్కగట్టాడు. అరబీ మదర్సాల పాఠ్యక్రమంలో ఖగోళ విద్యకు, అంటే ఇల్మె హైఅత్‌కు, ఒకప్పుడు స్థానముండేది. ఇప్పుడది చాలాచోట్ల పేరుకే మిగిలింది.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని కొందరు తండ్రులు అడుగుతారు. సర్వేయర్లు, పట్టణ ప్రణాళికా నిపుణులు, వాతావరణ శాస్త్రజ్ఞులు చదివేది ఇదే విద్య అని వారికి చెబుతున్నాము. అయితే పిల్లలు అడిగే ప్రశ్నలు వేరు. అమ్మాయిల తరగతి వారు మిద్దెపై నీడ కొలిచిన రోజున ఒక బాలిక, "కాకినాడలో మా ఖాలా ఇంటి దగ్గర నీడ ఇంకా పొడవుగా ఉంటుందా, మౌలానా?" అని అడిగింది. ఉంటుందన్నాము. ఎంత పొడవో ఖాలా చేతనే కొలిపించి, అక్కడి నుండి మక్కా ఎంత దూరమో లెక్కవేసి తెమ్మని ఆమెకే అప్పగించాము.