గుండెల్లో గుద్దే బాస్ హెడ్‌ఫోన్లో దొరుకుద్దా?

ఊళ్లోకి డీజే బండి వచ్చిందంటే పాట చెవికంటే ముందు గుండెకి తగులుద్ది. కిటికీ తలుపులు టకటకలాడతాయి, బల్ల మీద స్టీలు గ్లాసు వణుకుద్ది. ఆ దెబ్బ రుచి మరిగిన కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, అదే బాస్ హెడ్‌ఫోన్లో రావాలి. ఏది కొనమంటావ్?"

విజయవాడ బీసెంట్ రోడ్డులో తిరిగినా, ఫోన్లో వెతికినా, పెట్టెల మీద కనపడేది 'ఎక్స్‌ట్రా బాస్', 'డీప్ బాస్' అనే మాటలే. ఎక్స్‌ట్రా అంటే దేనికంటే ఎక్స్‌ట్రా? ఎంత ఎక్స్‌ట్రా? బియ్యానికి కిలో ఉంది, పాలకి లీటరు ఉంది. ఈ మాటకి అట్టాంటి కొలత లేదు. అందుకే కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టేముందు అసలు సంగతి తెలుసుకోవాలి.

బాస్ అంటే ఏంటి?

శబ్దమంటే గాలి ఊగడం. సెకనుకి ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటది. అందులో 250 కంటే కింద ఉండేది బాస్. 60 కంటే కిందది మరీ లోతైన బాస్. ఒంటికి తగిలే దెబ్బలో ఎక్కువ భాగం ఈ బాస్ నుంచే వస్తది.

మన వాయిద్యాల్లో ఈ లెక్క ఎప్పటి నుంచో ఉంది. మృదంగం ఎడమ పక్క తడి రవ్వ ముద్ద అంటిస్తారు. బరువెక్కిన తోలు నిదానంగా ఊగుద్ది, మోత లోతుకి దిగుద్ది. డప్పుని మంట దగ్గర కాచేది దీనికి తిరగేసిన లెక్క. తేమ ఆరి తోలు బిగుసుకుంటే మోత పైకి లేస్తది. ఫిజిక్స్ పుస్తకం తెరవక ముందే ఇది డప్పు కొట్టే మాదిగ వాడల చేతులకి తెలుసు. ఆ చేతుల్ని ఎవరూ ఇంజనీర్లు అనలేదు, అంతే తేడా.

40 హెర్ట్జ్ శబ్దం తీసుకుంటే గాలిలో దాని ఒక్క అల పొడవే ఎనిమిదిన్నర మీటర్లు. అంత అలని బయట గాలిలో గట్టిగా పుట్టించాలంటే బోలెడు గాలిని నెట్టాలి. డీజే బాక్సుల్లో అంత పెద్ద స్పీకర్లు ఉండేది అందుకే. ఆ గాలి మన ఛాతీని, పొట్టని, చర్మాన్ని కూడా ఊపుద్ది. స్కాట్లాండ్ వాద్యకారిణి ఎవెలిన్ గ్లెనీకి చిన్నతనంలోనే వినికిడి చాలావరకు పోయింది. ఆమె చెప్పులు విప్పి, నేల నుంచి వచ్చే అదురుని ఒంటితో పట్టుకుంటా వాయిస్తది. ఒళ్లు కూడా వింటదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

హెడ్‌ఫోన్ చేయగలిగేది, చేయలేనిది

హెడ్‌ఫోన్ లోపల ఉండే స్పీకరు చిన్నది. అది నెట్టేది చెవి దగ్గర గుప్పెడు గాలినే. ఛాతీని ఊపడం దాని వల్ల కాదు. కాబట్టి డీజే బండిలాగా గుండెల్లో గుద్దుద్దని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

కానీ ఆ గుప్పెడు గాలి బయటికి కారకుండా మూసుకుని ఉంటే, చిన్న స్పీకరు కూడా 30 హెర్ట్జ్ దాకా చెవికి బాగా వినిపించగలదు. మొత్తం కిటుకు ఈ మూతలోనే ఉంది. సైకిల్ ట్యూబుకి చిల్లు పడితే గాలి నిలవనట్టే, సందు ఉంటే బాస్ నిలవదు.

చెవి మీద పెట్టుకునే రకమైతే చెవి చుట్టూతా పూర్తిగా కప్పేది, వెనక మూసి ఉన్నది చూడు. పెట్టుకున్నాక చేతుల్తో మెల్లగా తలకేసి అదుము. బాస్ ఒక్కసారిగా పెరిగిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. కళ్లజోడు కాడ, ఒత్తు జుట్టు కూడా సందు చేస్తాయి. చెవిలో దూర్చే రకమైతే పెట్టెలో ఇచ్చిన రబ్బరు బుడిపెలన్నీ మార్చి చూడు. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు. చాలామంది బాస్ లేదని తిట్టుకునేది ఈ పని చేయకనే.

పెట్టె మీద '20–20,000 హెర్ట్జ్' అని ఉంటే మురిసిపోవద్దు. ఆ చివర ఎంత గట్టిగా మోగుద్దో అది చెప్పదు. 40 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్లు అనే సైజు కూడా ఒక్కటే బాస్‌కి హామీ కాదు. ఫోన్లో 60, 50, 40, 30 హెర్ట్జ్ టోన్లు ఉచితంగా దొరుకుతాయి. సౌండ్ తక్కువలో పెట్టి వరసగా విను. ఎక్కడ మాయమైందో, ఎక్కడ గరగరలాడిందో నీకే తెలుస్తది. ఇంకో పరీక్ష: బాగా తెలిసిన పాట పెట్టు. డ్రమ్ము, బాస్ గిటారు విడివిడిగా తెలియాలి. రెండూ కలిసి 'బుంయ్' మంటా గాయకుడి గొంతుని మింగేస్తుంటే, అది లోతైన బాస్ కాదు, ఉబ్బరం.

నిజంగా అదురే కావాలంటే వేరే దారి ఉంది. స్కల్‌క్యాండీ క్రషర్ లాంటి వాటిలో మామూలు స్పీకరు కాకుండా అదిరే భాగం ఇంకొకటి ఉంటది. ఆ అదురుని విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చెవి చుట్టూ, దవడ దగ్గర తెలుస్తది, గుండెకి కాదు. ఎముక మీదుగా వినిపించే హెడ్‌ఫోన్లు బాస్ కోసం కొనొద్దు, అవి ఆ పనికి బలహీనం.

అసలు ప్రమాదం ఎక్కడ?

సౌండ్ తక్కువలో ఉన్నప్పుడు మన చెవికి లోతైన శబ్దాలు సరిగా ఆనవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే బాస్ కోసం వేలు వాల్యూమ్ మీదకి పోతది. అప్పుడు బాస్ ఒక్కటే పెరగదు, మొత్తం పాట పెరుగుద్ది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. 100 అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. చచ్చినవి మనిషికి మళ్లీ మొలవవు.

పగలంతా ఆటోనగర్ షెడ్డులోనో, రైస్ మిల్లులోనో, ట్రాక్టరు మీదో మోత భరించి, సాయంత్రం బస్సు హోరుని మించి పాట పెట్టే కుర్రాడికి ఈ లెక్క ఇంకా త్వరగా నిండుద్ది. ఆర్మీకి, రైల్వేకి పోయేవాళ్లకి వైద్య పరీక్షలో చెవి కూడా చూస్తారు. ఏళ్ల తరబడి గ్రౌండ్లో పరిగెత్తి, చెవి దగ్గర ఆగిపోతే ఆ నష్టం ఏ కంపెనీ కట్టదు.

అందుకని మూడు పనులు చేయండి. మొదట మూత సరిచూసుకోండి. బయటి మోత తగ్గితే వాల్యూమ్ పెంచే పని ఉండదు. రెండు, ఈక్వలైజర్లో బాస్‌ని పైకి లాగడం కాకుండా మిగతావాటిని కాస్త కిందకి దించండి. దించాక మళ్లీ వాల్యూమ్ మొత్తం ఎక్కించొద్దు. మూడు, హెడ్‌ఫోన్ తీశాక చెవిలో 'కుయ్' మంటే అది హెచ్చరిక. తగ్గకపోతే సిగ్గుపడకుండా ప్రభుత్వాసుపత్రిలో చెవి డాక్టర్ని కలవండి.

ఒంటినిండా దరువు కావాలనుకోవడం తప్పేం కాదు. డప్పు దగ్గర నిలబడి అడుగేసిన జనం మనం. దాన్ని చెవి ఒక్కదాని మీద మోపితేనే చిక్కు. హెడ్‌ఫోన్ని హెడ్‌ఫోన్‌లాగే కొనండి. దరువు ఒంటికి తగలాలనిపిస్తే నలుగురి మధ్యకి రండి.