కోసేకొద్దీ ఎందుకు వస్తుంది? ఎక్కడ కోయాలి?

వెల్లుల్లి వాసన వేసే ఆకుకూర గార్లిక్ చైవ్స్. దాని ఆకులు ఎంత కోసినా మళ్లీ ఎలా వస్తాయి?

కోసిన ఆకును నాలుగు రోజులాగి దగ్గరగా చూడండి. కత్తెర పడిన కొస అప్పటికీ అలాగే మొద్దుగా ఉంటుంది, కాస్త ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, అంతే. ఆకు మాత్రం పొడుగవుతుంది. అంటే ఎదుగుదల కొసన కాదు, అడుగున జరుగుతోందన్నమాట. మట్టికి ఆనుకుని తెల్లగా కనిపించే మొదలులోంచి ఆకు పైకి తోసుకొస్తుంది. తోటకూరకు ఎదిగే మొగ్గ కొసన ఉంటుంది కాబట్టి, తుంచితే పక్కకొమ్మలు వేసుకోవాలి. చైవ్స్‌కు ఆ తిప్పలు లేవు.

అయితే ఎక్కడ కోయాలి?

మట్టికి రెండు వేళ్ల ఎత్తు వదిలి, పదునైన కత్తెరతో. ఆ తెల్లని మొదలు జోలికి వెళ్తే మళ్లీ రావడం ఆలస్యమవుతుంది. చేత్తో పీకితే పిలకే ఊడి వస్తుంది. కొసలు మాత్రం అక్కడక్కడా కత్తిరించుకునేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే కుండీ నిండా మొద్దు కొసలే మిగులుతాయి, ఆకూ ముదురుతుంది. కొన్ని పిలకలను ఎంచుకుని మొత్తం కోసుకోవడమే మేలు.

ఎన్నాళ్లకోసారి?

కోత తరవాత వచ్చే లేతాకు నేలలోని దుంపవేరు దాచుకున్న ఆహారం మీదే బతుకుతుంది. ఆకు ఎదిగి ఎండ తీసుకున్నాకే ఆ ఖర్చు పూడుతుంది. అందుకే ఆకు జానెడు దాటేదాకా, సుమారు మూడు నాలుగు వారాలు ఆగాలి. కోసిన రోజు గుప్పెడు వర్మికంపోస్టు వేసి నీళ్లు పోయండి. విత్తనంతో పెంచినదైతే తొలి ఏడాది కోతకు తొందరపడొద్దు. చైనాలో కోసిన కుదుళ్లను వెలుతురు సోకకుండా కప్పి, లేతపసుపు ఆకులు తీస్తారు. ఎండ లేక పచ్చదనం పట్టదు, ఆకు మెత్తగా వస్తుంది. కానీ అదంతా దుంపవేరు సొమ్మే కాబట్టి ఆ కుదుళ్లకు తరవాత విశ్రాంతి ఇవ్వాలి.

నాటడం ఎలా?

స్నేహితుల కుండీలోంచి రెండు మూడు పిలకలు తెచ్చుకోవడం అన్నిటికన్నా సుళువు. విత్తనాలైతే ఆ ఏటివే వాడాలి, పాతబడితే సరిగా మొలవవు. వానల్లో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మన వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచండి. మూడు నాలుగేళ్లకు కుదురు ఇరుకై ఆకులు సన్నబడతాయి, అప్పుడు విడదీసి నాటాలి.

పక్క కుండీలో రెయిన్ లిల్లీ ఉంటే?

జాగ్రత్త. రెండింటి ఆకులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెయిన్ లిల్లీ మాత్రం విషం. ఒక ఆకు నలపండి. చైవ్స్‌లోని గంధక పదార్థం, ఎంజైము వేరువేరుగా ఉంటాయి, ఆకు చితికితే కలుస్తాయి, గుప్పున వెల్లుల్లి వాసన వస్తుంది. ఆ వాసన లేకపోతే వంటింట్లోకి తేవద్దు. చైవ్స్‌నైనా కుక్కలకూ పిల్లులకూ పెట్టకూడదు, వాటి రక్తకణాలు దెబ్బతింటాయి.

వండటం?

ఎక్కువసేపు ఉడికితే వాసన పోతుంది. ఆమ్లెట్‌లోకైనా పప్పులోకైనా దించే ముందు వేయండి. మణిపూర్‌లో దీన్ని మరోయ్ నకుప్పి అంటారు, ఎరోంబా అనే వంటకం మీద పచ్చిదే సన్నగా తరిగి చల్లుతారు. పూలకాడ లేతగా, మొగ్గ విచ్చకముందే కోస్తే అదీ కూరే. వదిలేస్తే తెల్లని నక్షత్రాల్లాంటి పూలు పూసి, నల్లని గింజలు రాలి, పక్క కుండీల్లోనూ మొలకలు లేస్తాయి.