లెక్క సభలోనే తేలాలి

థాయ్‌లాండ్ అనగానే మనలో చాలామందికి బీచ్‌లు, టూర్ ప్యాకేజీలు గుర్తొస్తాయి. రాజకీయాల సంగతికొస్తే ఆ దేశానికి ఉన్న పేరు వేరు. 1932లో రాజుల నిరంకుశ పాలన పోయాక అక్కడ సైన్యం డజను సార్లు ప్రభుత్వాలను కూలదోసింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 20వ రాజ్యాంగం. మనకేమో 1950 నుంచి ఒకటే రాజ్యాంగం. సైన్యం ఎన్నడూ రాజకీయాల్లోకి రాలేదు. అందుకే ఇట్లాంటి వార్తలు చదివినప్పుడు "మన దగ్గర అట్లా జరగదులే" అనేసి పేజీ తిప్పేస్తాం.

ఆ మాట సగమే నిజమని నాకనిపిస్తుంది. ఎన్నికైన ప్రభుత్వాన్ని దించడానికి తుపాకీ అక్కర్లేదు, ఒక ఉత్తరం చాలు. 1984 ఆగస్టులో మన రాష్ట్రంలోనే అది జరిగింది. అప్పుడు పదవి పోయిన ముఖ్యమంత్రి అంతకు ముందు సంవత్సరం మన తిరుపతిలోనూ, గుడివాడలోనూ గెలిచిన ఎన్.టి.రామారావు. ఆ కథ, దాని తర్వాత రాజ్యాంగంలో వచ్చిన మార్పులు, ఇంకా మూయని సందులు - ఈ మూడూ వరుసగా చూద్దాం. ముందు థాయ్‌లాండ్ సంగతి కొంచెం తెలుసుకుంటే మనది బాగా అర్థమవుతుంది.

126 ఎక్కువా? 376 ఎక్కువా?

థాయ్‌లాండ్‌లో తక్సిన్ షినవత్ర 2001 ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయ్యాడు. టెలికాం వ్యాపారంలో కోట్లు గడించినవాడు. పల్లెల్లో పేదలకు వైద్యం, అప్పులు అందించి పేరు తెచ్చుకున్నాడు. 2006 జనవరిలో ఆయన కుటుంబం తమ కంపెనీ వాటాలను సింగపూర్ సంస్థకు అమ్మి, ఆ లాభం మీద పన్ను కట్టలేదని పెద్ద గొడవైంది. అవినీతి ఆరోపణలు ముదిరాయి. ఆయన ఐక్యరాజ్య సమితి సమావేశాలకు న్యూయార్క్ వెళ్లి ఉండగా, 2006 సెప్టెంబర్ 19న సైన్యం అధికారం లాక్కుంది. 2014 మే 22న మళ్లీ అదే జరిగింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అవినీతి మీద జనానికి ఉన్న కోపం నిజమైనదే. ఆ కోపాన్ని ఓటు ద్వారా చూపించే అవకాశాన్ని మాత్రం సైన్యం తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత రాజ్యాంగం కూడా తానే రాయించుకుంది. 2017 రాజ్యాంగంలో సైనిక పాలకులు ఇచ్చిన ఆదేశాలన్నీ చట్టబద్ధమేనని ఒక నిబంధన పెట్టుకున్నారు. ఇంకో నిబంధన మన లెక్కల బుర్రలకు బాగా ఎక్కుతుంది. దిగువ సభలో 500 మంది, సైనిక పాలకులు ఎంపిక చేసిన సెనేట్‌లో 250 మంది. మొదటి అయిదేళ్లు ఈ 750 మందీ కలిసి ప్రధానిని ఎన్నుకోవాలి. కావాల్సింది 376. సెనేట్ మొత్తం సైన్యం వైపు ఉంటే, వాళ్ల మనిషికి దిగువ సభలో 126 మంది చాలు. సెనేట్ మద్దతు లేనివాడికి అదే దిగువ సభలో 376 మంది కావాలి. పోటీ మొదలవకముందే ఒకడికి మూడు రెట్లు బరువు కట్టారన్నమాట.

2023 ఎన్నికల్లో మూవ్ ఫార్వర్డ్ పార్టీ 151 సీట్లతో మొదటి స్థానంలో నిలిచింది. మిత్రపక్షాలతో కలిపి దిగువ సభలో 312 మంది బలం కూడగట్టుకుంది. అంటే 60 శాతానికి పైనే. అయినా ఆ పార్టీ నాయకుడు పీటాకు ఉమ్మడి ఓటింగ్‌లో పడినవి 324 ఓట్లే. ప్రధాని కాలేకపోయాడు. మరుసటి సంవత్సరం ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ పార్టీనే రద్దు చేసింది.

దీన్నుంచి ఒక ప్రశ్న తీసుకుని మన రాష్ట్రానికి వద్దాం. బలం ఎంతుందన్నది ఒక ప్రశ్న. ఆ బలాన్ని ఎక్కడ, ఎవరు లెక్కపెడతారన్నది రెండో ప్రశ్న. రాజకీయం అంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

31 రోజులు

తెలుగుదేశం 1982 మార్చి 29న పుట్టింది. 1983 జనవరి ఎన్నికల్లో 294 సీట్లున్న అసెంబ్లీలో 200కు పైగా గెలిచింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. నాదెండ్ల భాస్కరరావు ఆర్థిక మంత్రి. 1984లో ఎన్టీఆర్ గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లారు. ఆయన లేని సమయంలో పార్టీలో చీలిక తయారైంది. తిరిగొచ్చి రెండు రోజులయిందో లేదో, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావు చేత ప్రమాణ స్వీకారం చేయించారు. కొత్త ముఖ్యమంత్రికి బలం నిరూపించుకోవడానికి నెల రోజుల గడువిచ్చారు. సభను వెంటనే పిలిస్తే అక్కడే బలం చూపిస్తానన్న ఎన్టీఆర్‌కు మాత్రం ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆ నెల గడువు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎమ్మెల్యేల మీద బేరాలు పెట్టడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అందుకే ఎన్టీఆర్ వైపువాళ్లు తమ ఎమ్మెల్యేలను ముందు రామకృష్ణా స్టూడియోలో ఉంచి, తర్వాత కర్ణాటకకు తరలించారు. అక్కడ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉంది. మనం ఇప్పుడు క్యాంపు రాజకీయాలు అంటున్నామే, తెలుగునాట అవి అందరి నోళ్లలో నానడం అప్పటి నుంచే. ఆపరేషన్ నుంచి పూర్తిగా కోలుకోని ఎన్టీఆర్ వీల్‌చైర్‌లో ఢిల్లీ వెళ్లి, రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు తన ఎమ్మెల్యేలను నిలబెట్టారు. రాష్ట్రమంతా బంద్‌లు, ఊరేగింపులు. దేశంలోని ప్రతిపక్షాలన్నీ ఒక్కటై ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమం నడిపాయి. రాంలాల్ తప్పుకోవాల్సి వచ్చింది. ఆయన స్థానంలో శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ 31 రోజుల్లో ఒక్క ట్యాంకు కూడా రోడ్డు మీదికి రాలేదు. ప్రభుత్వం పోయిందీ, తిరిగొచ్చిందీ కాగితాల మీదే. అట్లా తిరిగి రావడానికి మాత్రం జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఆ అధికారం ఎక్కడిది?

రాజ్యాంగంలోని 164వ అధికరణం చూడండి. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారని, మంత్రులు గవర్నర్ అభీష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారని రాసి ఉంది. ఆ అభీష్టం అంటే శాసనసభ మద్దతు అని సంప్రదాయం చెబుతుంది. అక్షరాలా చదివితే మాత్రం గవర్నర్ ఇష్టమే అన్నట్టు ఉంటుంది. రాంలాల్ వాడుకున్నది ఆ సందునే.

ఈ గవర్నర్ పదవికి ఇంకో చరిత్ర ఉంది. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ సభ్యుడిగా ఉన్న రాజ్యాంగ సభ, 1947లో గవర్నర్‌ను నేరుగా జనమే ఎన్నుకోవాలని ముందు అనుకుంది. 1949లో మనసు మార్చుకుంది. జనం ఓటుతో గెలిచిన గవర్నర్, జనం ఓటుతో గెలిచిన ముఖ్యమంత్రి ఒకే రాష్ట్రంలో ఉంటే ఒకే ఒరలో రెండు కత్తుల్లా అవుతుందని భయపడి, రాష్ట్రపతి నియమించే పద్ధతి పెట్టింది. భయం సబబైనదే. కానీ రాష్ట్రపతి నియామకం అంటే ఆచరణలో కేంద్ర ప్రభుత్వ నియామకం. ఢిల్లీలో ఒక పార్టీ, హైదరాబాద్‌లో ఇంకో పార్టీ ఉన్నప్పుడు ఏమవుతుందో 1984 చూపించింది.

మన అదృష్టం ఏమిటంటే, ఆ సందును మూసే ప్రయత్నాలు జరిగాయి. కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్, సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని గవర్నర్ తీసేయకూడదని, బలం సభలోనే తేల్చాలని 1988లో బయటికొచ్చిన నివేదికలో చెప్పింది. అయినా 1989లో కర్ణాటకలో ఎస్.ఆర్.బొమ్మై ప్రభుత్వాన్ని 19 మంది ఎమ్మెల్యేల ఉత్తరాలు చూపించి తీసేశారు. అప్పుడు నివేదిక పంపిన గవర్నర్ మన రాయలసీమవాడే, కర్నూలు జిల్లాకు చెందిన పెండేకంటి వెంకటసుబ్బయ్య. ఉత్తరాలు రాసినవాళ్లలో కొందరు వెంటనే మాట మార్చారు. సభలో బలం చూపిస్తానన్న బొమ్మైకి అవకాశం రాలేదు. ఆ కేసులో 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది: ప్రభుత్వానికి బలం ఉందా లేదా అన్నది తేల్చాల్సిన చోటు రాజ్‌భవన్ కాదు, శాసనసభ.

ఒకడు దూకితే తప్పు, మూడో వంతు దూకితే?

గవర్నర్ వైపు తలుపు అట్లా సగం మూసుకుంది. ఎమ్మెల్యే వైపు తలుపు సంగతేమిటి?

1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేరింది. దాన్నే ఫిరాయింపుల నిరోధక చట్టం అంటాం. పార్టీ మారినా, విప్ ధిక్కరించి ఓటేసినా పదవి పోతుంది. అయితే దానిలో ఒక మినహాయింపు పెట్టారు. పార్టీ ఎమ్మెల్యేల్లో మూడో వంతు మంది కలిసి బయటికొస్తే అది చీలిక, తప్పు కాదు. 200 మంది ఉన్న పార్టీలో ఒకడు గోడ దూకితే ఫిరాయింపు, 67 మంది కలిసి దూకితే సిద్ధాంతం! చిల్లర వ్యాపారం ఆపి టోకు వ్యాపారానికి లైసెన్స్ ఇచ్చినట్టయింది.

1995 ఆగస్టులో ఈ చట్టానికి అందని ఇంకో పద్ధతి చూశాం. హైదరాబాద్ వైస్రాయ్ హోటల్‌లో ఎమ్మెల్యేలు చేరారు. తెలుగుదేశం శాసనసభా పక్షంలో ఎక్కువమంది ఎన్టీఆర్‌ను కాదని, మన చంద్రగిరి దగ్గరి నారావారిపల్లెకు చెందిన చంద్రబాబు నాయుడిని నాయకుడిగా ఎన్నుకున్నారు. సెప్టెంబర్ 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలో ఎక్కువమంది అటే ఉన్నారు కాబట్టి ఫిరాయింపు అన్న ప్రశ్నే రాలేదు. దాన్ని వెన్నుపోటు అనేవాళ్లూ ఉన్నారు, పార్టీని కాపాడుకోవడం అనేవాళ్లూ ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. 1984లో రాజ్‌భవన్‌లో జరిగిన లెక్క 1995లో హోటల్‌కు మారింది.

2003లో 91వ సవరణ వచ్చింది. మూడో వంతు చీలిక మినహాయింపు తీసేశారు. మూడింట రెండు వంతుల విలీనం మాత్రం ఉంచారు. మంత్రివర్గం సభ సంఖ్యలో 15 శాతం దాటకూడదన్నారు. 175 సీట్ల మన రాష్ట్రంలో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది. మంత్రి పదవులు ఎరగా వేసే సంఖ్యకు అట్లా ఒక హద్దు వచ్చింది.

లెక్క స్పీకర్ గదికి మారింది

ఇప్పుడు మన జిల్లాకు రండి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన 67 మందిలో 23 మంది ఆ అయిదేళ్లలో అధికార తెలుగుదేశంలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. ఆ నలుగురిలో ఒకరు మన పలమనేరు ఎమ్మెల్యే అమర్‌నాథ్ రెడ్డి. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, రాజీనామా చేయకుండానే ఇంకో పార్టీ ప్రభుత్వంలో మంత్రి కావడం ఎట్లా సాధ్యం? పదో షెడ్యూల్ ప్రకారం అనర్హత తేల్చాల్సింది స్పీకర్. ఎన్నాళ్లలో తేల్చాలో చట్టంలో లేదు. తేల్చకపోతే పదవీకాలం దానంతటదే అయిపోతుంది. నిరసనగా వైఎస్సార్ కాంగ్రెస్ సభకు రావడమే మానేసింది.

ప్రభుత్వం మారింది, పద్ధతి మారలేదు. 2019 తర్వాత నలుగురు తెలుగుదేశం ఎమ్మెల్యేలు అధికార పక్షం వైపు చేరారు. వాళ్ల మీద అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరి చివర్లో, ఎన్నికలు గడపలోకి వచ్చాక. అదే రోజు అవతలి వైపు వెళ్లిన నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేల మీద కూడా వేటు వేశారు. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు మూడింట రెండు వంతుల లెక్క సరిపెట్టుకుని టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత అదే పార్టీ నుంచి పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న కేసులో, మూడు నెలల్లో తేల్చండని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

పార్టీలు ఏవైనా కిటుకు ఒకటే. స్పీకర్ కుర్చీలో ఉన్నది అధికార పార్టీ టికెట్ మీద గెలిచిన మనిషి. ఆటగాడి చేతికే విజిల్ ఇచ్చి, ఎప్పుడు ఊదాలో నీ ఇష్టం అన్నట్టుంది. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన అయ్యంగార్ పుట్టిన గడ్డ మనది కాబట్టి ఇది మనకు ఇంకొంచెం గట్టిగా తగలాలి.

ఏం చేయొచ్చు?

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2020 జనవరి 21న మణిపూర్ కేసులో సుప్రీంకోర్టే రెండు మాటలు చెప్పింది. మామూలుగా అయితే స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలి. అనర్హత తేల్చే పనిని స్పీకర్ నుంచి తీసి ఒక స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇచ్చే విషయం పార్లమెంట్ ఆలోచించాలి. దానికి రాజ్యాంగ సవరణ కావాలి. ఏ పార్టీకీ తొందర లేదు. ఎందుకంటే ఈరోజు నష్టపోయిన పార్టీ రేపు అదే సందులోంచి లాభపడాలనుకుంటుంది.

థాయ్‌లాండ్‌లో రాజ్యాంగాన్ని బలవంతులు తిరగరాస్తారు. ఇక్కడ రాజ్యాంగం అట్లాగే ఉంటుంది, లెక్క జరిగే చోటు మాత్రం మారుతూ ఉంటుంది. అక్కడైనా ఇక్కడైనా నష్టపోయేది పోలింగ్ బూత్ ముందు లైన్లో నిలబడ్డవాడే. మనలో చాలామంది 2029లో మొదటిసారో రెండోసారో అసెంబ్లీకి ఓటేస్తాం. ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని రోడ్లు, ఉద్యోగాలతో పాటు ఒక ప్రశ్న కూడా అడుగుదాం: "అన్నా, పార్టీ మారాలనిపిస్తే ముందు రాజీనామా చేసి మళ్లీ మా దగ్గరికి వస్తావా?" జవాబు వీడియో తీసి పెట్టుకోవడం మనకు బాగా వచ్చిన పనే కదా.