మసిబారిన సీతమ్మకే గిరాకీ!

బొమ్మల్ని దాచుకోవడం పిల్లల సరదా అనుకుంటాం. కానీ పాతబొమ్మ కోసం ఊళ్లు తిరిగే పెద్దలూ ఉన్నారు. అలాంటివారిని ధర్మవరం దగ్గరి ఓ పల్లెకు రప్పించిన బొమ్మల కథ ఇది.

అమెరికాలో 'చార్లీస్ ఏంజెల్స్' అని ఓ టీవీ సీరియల్ వచ్చేది. 1976 నుంచి 1981 దాకా నడిచింది. అందులోని అమ్మాయిల రూపంతో 1977లో హాస్‌బ్రో కంపెనీ బొమ్మలు చేసింది. వాటికి తొడగడానికి గౌన్లూ బూట్లూ విడిగా అమ్మింది. సీరియల్ ఆగిపోయి దశాబ్దాలైనా ఆ బొమ్మల్ని వెతికి కొనేవాళ్లున్నారు. అట్టపెట్టె విప్పకూడదు, గౌనుకి మరక ఉండకూడదు... అదీ వాళ్ల లెక్క. ఏ పాపా ఆడుకోని బొమ్మకే ఎక్కువ ధరన్నమాట!

ఆ లెక్క మన దగ్గర తిరగబడుతుంది. బెంగళూరు వెళ్లే రైలుమార్గంలో ఉన్న ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు రాత్రంతా నడిచిన 'సీరియల్' తోలుబొమ్మలాట. ఆ ఆటలో వాడిన బొమ్మకి ఎంత మసి పడితే అంత విలువ. చేతులు అతికే చోట దారం ఎన్నిసార్లు మార్చారో, చిరిగిన చోట తోలుముక్క ఎలా వేశారో... తెలిసిన సేకర్తలు ముందు చూసేది అవే. ఎవరూ ఆడించని బొమ్మను వాళ్లు పాతబొమ్మ అనరు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఈ బొమ్మలకు పేరుమోసిన ఊరు. అక్కడి కళాకారుల ఇళ్లలో మరాఠీకి దగ్గరి మాట వినిపిస్తుంది. తెర ముందు మాత్రం అచ్చ తెలుగే. రంగనాథ రామాయణం ద్విపదలు వారికి కొట్టినపిండి. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008-09లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది.

సీతమ్మకు ఎన్ని చీరలో...

ఫ్యాషన్ బొమ్మలకు బట్టలు మారుస్తారు. తోలుబొమ్మకు అది కుదరదు. చీర, రవిక, నగలు... అన్నీ తోలుమీదే రంగులై ఉంటాయి. అందుకే బట్టలు మారాలంటే ఏకంగా బొమ్మనే మారుస్తారు. కొలువులో కిరీటంతో ఉన్న రాముడు ఒకరు, అడవికి వెళ్లే రాముడు మరొకరు. లంకలో అడుగుపెట్టే హనుమంతుడు చిన్నవాడు, తోక పెంచినవాడు వేరు. రావణుడి పది తలలూ ఒకే బొమ్మలో ఇమిడిపోతాయి. నాట్యం చేసే ఆడబొమ్మకు మిగతావాటికన్నా కీళ్లెక్కువ. నడుము విడిగా తిరగాలి కదా మరి! ఇక జుట్టుపోలిగాడు, బంగారక్క రాకపోతే ఆట ఆటే కాదు. పిల్లలు నిద్రలో జోగుతున్న వేళ తెరమీదికొచ్చి లేపేది ఆ ఇద్దరే.

మనిషికి దగ్గరగా ఉండే ఎత్తు, రెండు వైపులా రంగు, నగల చోట వేసిన సన్నని రంధ్రాలు... ఇవీ ఆంధ్ర బొమ్మల గుర్తులు. వెనక దీపం వెలిగిస్తే ఆ రంధ్రాల్లోంచి వెలుగు వచ్చి కాసులపేరు మెరుస్తుంది. ఆముదం దీపాల నుంచి పెట్రోమాక్స్‌కి, అక్కడినుంచి కరెంటు బల్బుకి మారాక వెలుగు పెరిగింది. కదిలే మంట ఇచ్చే ఊపిరి మాత్రం తగ్గింది.

ఈ చీరల గీతలు, కొప్పులు, పక్కచూపు కళ్లు ఎక్కడో చూసినట్టనిపిస్తే, హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు వెళ్లి లేపాక్షి గుడి పైకప్పు చూడాలి. పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో వేసిన బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు, మగవాళ్ల పొడవాటి కుళ్లాయిలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ గుడి కట్టించినట్టు చెప్పే విరూపణ్ణ పెనుకొండలో విజయనగర ప్రభువుల కొలువులో పనిచేసినవాడే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండ రాజధాని కూడా అయింది. తోలుబొమ్మ సరిగ్గా ఆ గోడబొమ్మలోంచే దిగిందని చెప్పలేం కానీ, రెండింటినీ పక్కపక్కన పెడితే చుట్టరికం దాగదు. పాతబొమ్మ పోతే ఒక కాలపు చీరకట్టూ దానితోపాటే పోతుంది.

టీవీలో రామాయణం!

సినిమా హాళ్లు అప్పటికే తోలుబొమ్మలాటను దెబ్బతీశాయి. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. 1988 జులై దాకా ఆదివారం పొద్దున వచ్చేది. ఏ కథ చెప్పి బొమ్మలాటవాళ్లు పొట్ట పోసుకునేవారో ఆ కథే ఇంట్లోకి వచ్చేసింది, అదీ ఉచితంగా! అప్పటికే చాలామంది ఆట మానేసి తోలుతో లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాలు చేయడానికి అలవాటుపడుతున్నారు. ఇప్పుడు ఆ ఊరి బువ్వ ఎక్కువగా వాటిమీదే.

బొమ్మల పెట్టెకు బేరాలూ వచ్చాయి. బెంగళూరు చిత్రకళా పరిషత్‌కు చెందిన ఎం.ఎస్.నంజుండరావు కర్ణాటక తోలుబొమ్మల్ని సేకరించి ఓ గ్యాలరీయే ఏర్పరిచారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1984లో మన తోలుబొమ్మలాటమీదే పరిశోధన గ్రంథం సమర్పించారు. ఇలాంటి పని బొమ్మకు మంచే చేసింది. దుకాణాల బేరం సంగతి వేరు. జతగా ఉన్న సెట్టు విడిపోతుంది. రాముడు ఒక నగరానికి, సీత మరో దేశానికి!

ఇక్కడే ఓ చిక్కుంది. ఆటవాళ్ల దృష్టిలో బొమ్మకు ప్రాణముంది. ఆడించలేనంతగా పాడైతే దండం పెట్టి నీళ్లలో కలపడం వాళ్ల ఆచారం. సేకర్తకు కావాల్సిందీ సరిగ్గా ఆ బొమ్మే. చెరువులో కలిపితే గీత పోతుంది, అమ్మితే ఇంట్లోంచి పోతుంది. ఆట లేక, ఇల్లు గడవక పెట్టె తెరిచినవాళ్లని తప్పుపట్టడం సులువే. కానీ తప్పు వాళ్లదెలా అవుతుంది?

కొనాలనుకునేవారు రెండు చట్టాలు తెలుసుకోవాలి. పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక అలాంటిది కొనడం, అమ్మడం నేరం. ఇప్పుడు వాడేది ఎక్కువగా మేకతోలే. నూరేళ్లు దాటిన బొమ్మైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు.

ఇక ఇంటికి తెచ్చుకున్న బొమ్మకు ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. మడవకూడదు, తడిగుడ్డతో తుడవకూడదు. మసి అసలే కడగకూడదు. నూలుగుడ్డ మధ్య పరిచి, అప్పుడప్పుడూ నీడలో గాలికి పెడితే చాలు. తెలిసినవాళ్లు ఇంకోటి కూడా చేస్తారు. అమ్మినవారిని అడిగి ఆ బొమ్మ పేరు, ఏ ఘట్టంలో వస్తుందో, ఎవరు చెక్కారో రాసి పెట్టుకుంటారు. కాగితం లేని సీతమ్మ నాలుగేళ్లు తిరిగేసరికి 'ఆడబొమ్మ' అయిపోతుంది.