గోగుచేను గుబురగుట యెందువలన?

నార కొరకు వేసిన గోగు, అడుగునుండి కొమ్మలు విరిసి గుబురైనచో, మన సభ్యులు పలువురు విత్తనమును నిందించుచున్నారు. విత్తనమున దోషముండవచ్చును, లేదనము. కాని అదే విత్తును చేనిలో ఒత్తుగా చల్లి, గట్టున ఒంటిగా ఒక గింజ నాటి చూడుడు. చేనిలోనిది గడవలె నిలువుగా ఎదుగును. గట్టుమీదిది గొడుగువలె విరియును. దోషము చాలవరకు ఎడములోనే యున్నది.

కారణము చెప్పెదము. ప్రతి ఆకు మొదటను ఒక మొగ్గ నిద్రించుచుండును. తలచిగురులో పుట్టు ఆక్సిన్ అను పదార్థము కాండము వెంట క్రిందికి దిగుచు, ఆ మొగ్గలను లేవనీయదు. చిగురు తెగెనా, ఆ అదుపు తొలగును. తలకు పోవుచుండిన చక్కెర మొగ్గలకు చేరి, అవి కొమ్మలగును. మన యిండ్లలో ఆడువారు గోంగూర చివళ్లు త్రుంచి మరల మరల కోసికొనుట ఈ ధర్మము వలననే. చేలో పడిన మేకయు ఈ పనియే చేయును గాని, నారచేనున చేయును!

ఒత్తుచేనున మరియొక విశేషము గలదు. పొరుగు మొక్కల ఆకులు ఎండలోని ఎరుపును మ్రింగి, మన కంటికి దాదాపు కానరాని దూరపు ఎరుపును వెనుకకు పంపును. దానినిబట్టి మొక్క తన ప్రక్కన వేరొకటి కలదని గ్రహించి, కొమ్మలు మాని పైకి సాగును.

గంజాయి మొక్క స్వభావమును ఇట్టిదే. గోగులలో ఒక జాతికి శాస్త్రజ్ఞులు కన్నాబినస్ అని పేరిడుట ఆ రెంటి ఆకుల పోలికను బట్టియే. ఎడముగా నున్న గంజాయి పొదయగును. ఐరోపాలో నారకై దట్టముగా చల్లినది సన్నని గడయై నిలుచును. మన దేశమున అనుమతి లేక దానిని పెంచుట 1985 నాటి చట్టము ప్రకారము నేరము గనుక, పోలికకే చెప్పితిమి.

గుబురు మొక్కవలన నష్టము ఊరవేయునప్పుడు తెలియును. సన్నని కొమ్మ ముందుగా ఊరును. లావైన మొదలు ఊరదు. మొదటికై ఆగినచో కొమ్మనార మురుగును, ఆగనిచో మొదట బెరడు అంటియుండును. కొమ్మ పుట్టిన చోటులయందు నార తెగుటయు కలదు.

కావున నారకు వరుసల నడుమ 30 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 10 సెంటీమీటర్లు ఉంచుడు. మొలక లేనిచోట్ల ఆలసింపక మరల విత్తుడు. విత్తనము కావలసినవారు వేరొక మడిలో ఎడముగా వేసి, మొక్క నిలదొక్కుకొన్న పిమ్మట తల త్రుంచవచ్చును. గట్టువెంట మొక్కలు ఎట్లును కొమ్మలు వేయును. వానిని వేరుగా కట్టలు కట్టి ఊరవేయుడు.